మా పాప పిల్లల సీరియల్‌లో చేసింది: కడపలో ఆడిషన్ నుంచి బ్యాంకులో డబ్బులు పడేదాకా

సీరియల్ టీవీలో వచ్చినప్పటి నుంచి మా వీధిలో వాళ్ళు, పాప స్కూల్ గేటు దగ్గర అమ్మలు, ఆఖరికి నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేటోళ్ళు కూడా ఒకటే అడుగుడు, ఎట్ల చేర్పించినావు, ఎంత ఇచ్చినారు, మా పిల్లోణ్ణి తీసుకుంటారా అని. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుడతాంది, అందుకే మొత్తం ఒకసారి రాసేస్తాండా. సీరియల్ పేరు, చేసినోళ్ళ పేర్లు చెప్పను, మంచీ చెడ్డా రెండూ రాయాల్సొస్తాది కాబట్టి. పిల్లల సీరియల్, 13 ఎపిసోడ్లు, తోలుబొమ్మలాట ఆడే ఒక ముసలాయన, ఆయన మనవరాలు, ఆ పాపకు నలుగురు ఫ్రెండ్స్, రాత్రయితే బొమ్మలు వీళ్ళతో మాట్లాడతాయి, ఇదీ కథ. మా చిన్ని ఆ నలుగురు ఫ్రెండ్స్‌లో ఒకటి. మెయిన్ రోల్ కాదు, అయినా అన్ని ఎపిసోడ్లలో ఎక్కడో ఒకచోట ఉంటాది.

ఆడిషన్ 2024 జూలైలో. చిన్నికి అప్పుడు ఏడున్నరేళ్ళు. స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, కడపలోనే ఆడిషన్, ఫీజు ఏమీ లేదు, ఆదివారం పొద్దున 9 గంటలకు రండి అని. మా ఆయన "ఎందుకు ఇయన్నీ" అన్నాడు, మా అత్త మాత్రం తీసకపో తీసకపో అని నా వెనకపడింది. ఆమెకు పిల్లల ప్రోగ్రాం అంటే కడప రేడియో స్టేషనే, చిన్నప్పుడు అందులో ఒకసారి పాట పాడిందంట, ఆ కథ మేము పెళ్ళయిన కాడ్నించి వింటానే ఉన్నాం.

పోతే అక్కడ జాతర. రెండొందల మంది పైనే పిల్లోళ్ళు, పౌడర్లు, లిప్‌స్టిక్‌లు, పట్టు లంగాలు, ఒకడైతే కోటు వేసుకోని చెమటలు కారిపోతా ఉన్నాడు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, చిన్ని అప్పటికే ఆకలికి మొహం వేలాడేసింది. లోపలికి పోయినోళ్ళంతా సినిమా డైలాగులు గడగడా చెప్పి రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాండారు. మా దాన్ని మాత్రం "పొద్దున ఏం తిన్యావు" అని అడిగినారంట, ఇది కారం దోసె అని మొదలుపెట్టి, మా అమ్మ నాకు కారం తక్కువ పూస్తాది, నాన్నకి ఎక్కువ పూస్తాది, నాకు వెన్న కూడా తక్కువే అని నా మీద కంప్లయింట్లన్నీ అక్కడ చెప్పి వచ్చింది. పావుగంట లోపలే ఉంది. తర్వాత డైరెక్టర్ సారు చెప్పినాడు, బట్టీ పట్టిచ్చుకోని వచ్చిన పిల్లల దగ్గర మాకు ఏమీ దొరకదమ్మా, మాట్లాడే పిల్లలు కావాలి అని. ఇప్పుడు నన్ను "ఏ డైలాగ్ నేర్పించమంటావు" అని అడిగేటోళ్ళకు నేను చెప్పేది ఇదే, ఏమీ నేర్పించొద్దు, కడుపు నిండా తినిపిచ్చి తీసకపోండి.

మూడు వారాలు పైనే ఏ కబురూ లేదు. మధ్యలో ఎవడో ఫోన్ చేసినాడు, మీ పాప సెలెక్ట్ అయ్యింది, పోర్ట్‌ఫోలియో ఫోటోలకు ₹15,000 పంపండి అని. మేము ఆడిషన్‌కి పోయినట్టు వాడికి ఎట్ల తెలిసిందో ఇప్పటికీ అర్థం కాలా. పంపలేదు లెండి, అంత డబ్బు నా దగ్గర ఉంటే కదా. అసలు వాళ్ళు ఆగస్టు చివర్లో పిలిచినారు, ఈసారి కెమెరా ముందర, ఐదుగురు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి ఎత్తులు చూసుకున్నారు, ఇద్దర్ని మార్చి మార్చి చూసినారు. ఆ రోజే ఓకే అన్నారు. పిలిచినప్పుడు ₹1,500, అంటే షూటింగ్ ఉన్న రోజుకి. ఎక్కువా తక్కువా నాకు తెలీదు, ఊరికే తల ఊపినాను.

అగ్రిమెంట్ మొత్తం ఇంగ్లీషులో ఉన్నింది. మా తమ్ముడు ప్రొద్దుటూరులో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాడు, వానికి ఫోటోలు తీసి పంపితే, వాడు చదివి మొదటి మాట "కలెక్టర్ పర్మిషన్ ఏదీ" అన్నాడు. నాకు అప్పటిదాకా అట్లాంటిది ఒకటి ఉంటాదనే తెలీదు. పిల్లల్ని సినిమాలో, సీరియల్‌లో పెట్టుకోవాలంటే షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ దగ్గర ప్రొడ్యూసర్ ముందే పర్మిషన్ తీసుకోవాలంట, ఏయే పిల్లలు చేస్తాండారో లిస్టు, అమ్మానాన్నల ఒప్పుకోలు, పిల్లల బాధ్యత చూసే మనిషి పేరు, అన్నీ ఇవ్వాలంట, బాల కార్మికుల చట్టానికి 2017లో మార్చిన రూల్సులో ఉన్నాయంట ఇయన్నీ. రోజుకు ఐదు గంటలకు మించి చేయించకూడదు, మూడు గంటలకు మించి రెస్ట్ లేకుండా ఉంచకూడదు, వరసగా 27 రోజులకు మించి పని పెట్టకూడదు, చదువు పోకుండా చూడాలి, పాపకొచ్చే డబ్బుల్లో కనీసం 20 శాతం ఆమె పేరు మీద ప్రభుత్వ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. పిల్లకు ఇష్టం లేకుంటే అసలు చేయించకూడదు.

నేను ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోన్ చేసి అడిగితే "అక్కా, చిన్న సీరియల్ కదా, మీరే పక్కన ఉంటారు కదా, అంత అవసరం లేదులే" అన్నాడు. నాకు కాళ్ళు చేతులు ఆడలా, అడిగితే పాపను తీసేస్తారేమో, అడక్కుంటే రేపు ఏమన్నా అయితే ఎట్ల. మా ఆయనే "పేపర్ లేకుంటే పంపొద్దు, అంతే" అని తేల్చేసినాడు. మిగతా పిల్లల అమ్మానాన్నలకు కూడా చెప్పినాం, ఇద్దరు మాతో కలిసినారు, ఒకాయన "మీవల్ల మా పాప ఛాన్స్ పోతాది" అని మా మీద ఎగిరినాడు. ఆఖరికి డైరెక్టర్ సారు దాకా పోయింది విషయం. ఆయన మంచోడు, నిజంగా ఆయనకి మేనేజర్ ఏం చెప్పినాడో ఏమో, పర్మిషన్ పెట్టేసినాం అనుకున్నానే అన్నాడు. సెప్టెంబర్ మొదట్లో పెట్టినారు, పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ నుంచి స్టడీ సర్టిఫికెట్, మా ఇద్దరి సంతకాలు అన్నీ ఇచ్చినాం. ఫైల్ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి, అక్కడి నుంచి వేరే ఆఫీసుకు పోయి తిరిగి వచ్చేదానికి నెల పట్టింది. ఆ కాగితం ఆరు నెలలే పనిచేస్తాదంట.

ఇందులో నాకు తెలియని తమాషా ఇంకొకటి బయటపడింది. కథలో పిల్లోళ్ళు గుహలోకి పోయే ఎపిసోడ్ ఉంది, దాన్ని బెలుం గుహల్లో తీద్దామని అనుకున్నారు. బెలుం ముందు కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా కదా, అంటే అక్కడి కలెక్టర్ దగ్గర మళ్ళీ వేరే పర్మిషన్. తోలుబొమ్మలేమో ధర్మవరం పక్కన నిమ్మలకుంట, అది సత్యసాయి జిల్లా, ఆ ఊర్లో తీయాలంటే అక్కడ ఇంకోటి. గండికోట మన జిల్లానే గానీ కోట లోపల తీయాలంటే ఆర్కియాలజీ వాళ్ళ పర్మిషన్ వేరే. దాంతో గుహ కాస్తా కడపలో ఒక కల్యాణ మండపంలో థర్మోకోలు, గోనెపట్టలతో సెట్ వేసినారు, నిమ్మలకుంట నుంచి బొమ్మలాట వాళ్ళే బొమ్మలు పెట్టెల్లో పెట్టుకోని ఇక్కడికి వచ్చినారు. గండికోట సీను పూర్తిగా లేచిపోయింది. టీవీలో గుహ చూసినోళ్ళు "బెలుంలో తీసినారా" అని అడుగుతాండారు, నేను ఊ అనేస్తాండా, ఎవరికి చెప్పుకుంటాం గోనెపట్టల గురించి.

డ్రస్సులు మీరే తెచ్చుకోండి అన్నారు. చిన్నికి రెండు రకాల లంగా జాకెట్లు, ఒక్కోటి అచ్చం ఒకే తీరు మూడు సెట్లు కావాలంట, ఒకటి మామూలుది, ఒకటి బురద పూసేదానికి, ఒకటి తడిస్తే మార్చేదానికి. మామూలు అమ్మలైతే షాపులో అదే గుడ్డ మూడుసార్లు దొరక్క అల్లాడిపోయేవాళ్ళు, నేను టైలరింగ్ కాబట్టి గుడ్డ తాను నుంచి ఒకేసారి కోయించుకున్నా. వాళ్ళకు నచ్చి మిగతా ముగ్గురు పిల్లోళ్ళవి కూడా నాతోనే కుట్టించినారు, కుట్టుకూలి ఇవ్వండి అని మొహమాటం లేకుండా అడిగినా, ఇచ్చినారు. కానీ నాకు పోయింది దానికంటే చాలా ఎక్కువ, ఎందుకంటే షూటింగ్ పెట్టింది దసరా సెలవుల్లో. దసరాకు జాకెట్లు కుట్టేటోళ్ళకు తెలుసు ఆ నెల ఏందో. ఫాల్, పీకో మా అత్తకు అప్పజెప్పినా, జాకెట్ల ఆర్డర్లు సగం పక్క వీధి ఆమెకు పోయినాయి, అందులో కొందరు తిరిగి రానేలేదు. పాప సంపాదన గురించి అడిగేటోళ్ళు దీన్ని లెక్కలో వేసుకోరు.

అక్టోబర్ 3 నుంచి సెలవులు, ఆ మర్నాడే షూటింగ్. పొద్దున 6కి వ్యాన్ వస్తాదన్నారు, ఏడుంపావుకి వచ్చింది. సిద్ధవటం రోడ్డులో ఒక పల్లెలో పాత మిద్దె ఇల్లు, వాకిట్లో వేపచెట్టు. టిఫిను బాగానే పెట్టినారు, ఇడ్లీ, ఉప్మా. మేకప్ అయ్యింది ఎనిమిదికి, ఫస్ట్ షాట్ పదకొండుకు. ఆ మూడు గంటలు పిల్లోళ్ళు ఏం చేయాల? చెట్టుకింద ప్లాస్టిక్ కుర్చీల్లో మేకప్ చెరిగిపోకుండా కూర్చోవాల. ఆడుకుంటే చెమట పడతాది, చెమట పడితే టచప్ ఆమె తిడతాది. షూటింగ్ అంటే యాక్టింగ్ అనుకోవద్దు, కాచుకోని కూర్చోవడం. ఒక షాట్ మాస్టర్ అంటారు, అంటే అందరూ కనపడేటట్టు తీసేది, మళ్ళీ అదే మాటలు క్లోజ్‌లో, మొహం దగ్గర నుంచి, మళ్ళీ అవే పక్క నుంచి, చిన్ని అయితే రెండో రోజే "ఇందాక చెప్పినా కదా, మళ్ళా ఎందుకు" అని కెమెరామన్‌నే అడిగేసింది, అందరూ నవ్వినారు.

మొదటి రోజు సాయంత్రం నాలుగున్నరకు వదిలినారు. ఐదు గంటలే కదా రూలు అని మేనేజర్‌ని అడిగితే, కెమెరా ఆన్ అయిన కాడ్నించి లెక్క, ఇంకా ఐదు కాలేదు అంటాడు. నేను ఒప్పుకోలా. మేకప్ వేసి కదలకుండా కూర్చోబెట్టింది పని కాకపోతే ఇంకేంది? మర్నాటి నుంచి నా కొలతల పుస్తకం తీసకపోయినా, జాకెట్ల కొలతలు రాసుకునేది, అందులోనే ఒక పేజీలో వ్యాన్ ఎక్కింది, మేకప్, ఫస్ట్ షాట్, తిండి, రెస్ట్, ప్యాకప్, అన్నీ టైంతో రాసి సాయంత్రం అసిస్టెంట్ డైరెక్టర్ చేత సంతకం పెట్టించినా. మొదట నవ్వినాడు. మూడో రోజు నుంచి పిల్లల షాట్లు పొద్దున ముందు తీసేసి, పెద్దోళ్ళవి మధ్యాహ్నం పెట్టుకోవడం మొదలుపెట్టినారు, పన్నెండున్నరకంతా మేము ఇంట్లో. పర్మిషన్ అప్పుడు మా మీద ఎగిరినాయన కూడా వచ్చి "మీ పుస్తకంలో మా పాపది కూడా రాయండమ్మా" అన్నాడు. ఎవరన్నా పిల్లల్ని పంపేటట్టయితే ఈ ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి, గట్టిగా మాట్లాడలేనోళ్ళు కూడా రాసుకోగలరు.

చదువు పోకుండా చూడాలనే రూలుకి ఒక బీఈడీ అమ్మాయిని పెట్టినారు. పిల్లలేమో వేరే వేరే స్కూళ్ళు, వేరే వేరే క్లాసులు, ఆమె పాపం అందరికీ ఎక్కాలు చెప్పించి, తర్వాత బొమ్మలు వేయించేది. సెలవులే కాబట్టి నాకు బాధ లేదు.

బొమ్మలాట సీన్ల గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే మొత్తం మీద నాకు సంతోషం అనిపించింది అదొక్కటే. నిమ్మలకుంట అంటే పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు, 2020లో వచ్చింది ఆయనకు. అక్కడి నుంచి ఒక పెద్దాయన, ఆయన కొడుకు, కోడలు వచ్చినారు. మేకతోలుతో చేసిన బొమ్మలు, కొన్ని మా చిన్ని కంటే ఎత్తు, చేతులు కాళ్ళు వేరే వేరే ముక్కలు కట్టి ఉంటాయి, వెనక నుంచి పుల్లతో ఆడిస్తారు. రాత్రి సీన్లన్నీ పగలే తీసినారు, పిల్లల్ని రాత్రుళ్ళు పెట్టుకోవడం వద్దని డైరెక్టర్ సారే అనుకున్నాడు. కల్యాణ మండపం కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు కొట్టినారు. ఫ్యాన్లు వేస్తే తెర ఊగుతాది, కాబట్టి ఫ్యాన్లు లేవు. లోపల ఉడికిపోయినాం. బొమ్మల వెనకుండే బల్బు కెమెరాలో దడదడా కొట్టుకుంటాందని, దాన్ని మార్చి ఇంకోటి, అదీ కాదని ఇంకోటి, ఒక పూట మొత్తం బల్బులకే పోయింది.

ఆ పూటంతా పెద్దాయన పిల్లోళ్ళను తెర వెనక్కి పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. "తాతా, దీనికి ఒక కన్నే ఉందే" అని చిన్ని అడిగితే, "రెండో కన్ను నువ్వు అటు పక్క నుంచి చూస్తే కనపడతాది పో" అన్నాడు, ఇది నిజంగా తెర ముందరికి పోయి చూసి, మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ ముందరికి పోయి, చాలాసేపు తిరిగింది. హనుమంతుణ్ణి ఎట్ల ఎగిరించాలో చూపించినాడు, కాళ్ళకు గజ్జెలు కట్టుకోని చెక్క మీద తొక్కుతా పాడతా బొమ్మను ఆడించాల, ఒకేసారి అన్నీ. చిన్నికి బొమ్మ బరువుకే చెయ్యి నొప్పి పుట్టింది. ఇదంతా ఏ కెమెరాలోనూ లేదు, బల్బు బాగయ్యేసరికి వాళ్ళ ఐదు గంటలూ అయిపోయి మేము ఇంటికి వచ్చేసినాం. సీరియల్‌లో బొమ్మలు మాట్లాడేది తర్వాత కంప్యూటర్‌లో నోరు కదిలించి చేసినారు, నాకైతే నచ్చలా, ఆ పెద్దాయన ఆడించిందే బాగుండేది.

ఇంక చెడ్డది. బొమ్మ చినిగిపోయిందని పిల్లలు ఏడ్చే సీను ఒకటి. మిగతా పిల్లలకు గ్లిజరిన్ వేసినారు, చిన్నికి గ్లిజరిన్ మండతాదని కళ్ళు మూసేసుకుంది, షాట్ కావడం లేదు, టైం పోతాంది అని అందరూ కంగారు. నేను నీళ్ళ బాటిల్ కోసం బయటికి వచ్చినా. తిరిగి పోయేసరికి పాప వెక్కి వెక్కి ఏడుస్తాంది, కెమెరా తిరుగుతాంది. అందరూ సైలెంట్. షాట్ ఓకే అన్నారు, చప్పట్లు కూడా కొట్టినారు. నేను ఒళ్ళోకి తీసుకుంటే "అమ్మా, నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోయినావంట" అంటాంది. ఎవరో ఒక అసిస్టెంట్ చెవిలో చెప్పినాడంట, మీ అమ్మ ఊరికి పోయింది, ఇంక రాదు అని.

నాకు ఆ నిమిషంలో వచ్చిన కోపం నా జీవితంలో ఎప్పుడూ రాలా. ఏం మాట్లాడినానో కూడా సరిగ్గా గుర్తులేదు, మా యాసలో రావాల్సినవన్నీ వచ్చినాయి అని తర్వాత చెప్పినారు. పాపను ఎత్తుకోని రోడ్డు మీదికి వచ్చేసినా, ఆటో దొరకలేదు, మేకప్‌తో ఉన్న పిల్లను ఎత్తుకోని నిలబడితే పోయేటోళ్ళంతా చూస్తాండారు. డైరెక్టర్ సారు వెనకాలే వచ్చినాడు. తనకు తెలీదన్నాడు, ఆ షాట్ వాడను అన్నాడు. నేను నమ్మలా. మా ఆయన వచ్చి మాట్లాడినాడు, మర్నాడు మేము పోలేదు, ఆ తర్వాత రోజు చిన్నినే అడిగినాం, పోదామా వద్దా అని. ఫ్రెండ్స్ ఉంటారా అని అడిగింది, ఉంటారంటే పోదాం అంది. నాకు ఇప్పటికీ సమాధానం దొరకలా, ఏడేళ్ళ పిల్ల "పోదాం" అంటే దాన్ని ఒప్పుకోవడం అనొచ్చా అని. పోయినాం. ఆ అసిస్టెంట్ మళ్ళీ పిల్లల దగ్గరికి రాలేదు. ఆ సీను చిన్నిని వెనక నుంచి చూపించి మళ్ళీ తీసినారు, భుజాలు కదిలితే చాలంట. టీవీలో ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు గుండె చేతిలో పట్టుకోని చూసినా, మాట నిలబెట్టుకున్నాడు, వెనక షాటే ఉంది. రాత్రుళ్ళు చిన్ని నా కొంగు పట్టుకోని పడుకోవడం మాత్రం డిసెంబర్ దాకా పోలేదు.

సెలవులు 13తో అయిపోయినాయి, షూటింగ్ కాలేదు. శని ఆదివారాలు చేస్తాం అన్నారు. ఆ వారంలోనే వాయుగుండం, రాయలసీమ అంతా వానలు, స్కూళ్ళకు కూడా సెలవు ఇచ్చినారు, సిద్ధవటం దగ్గర పెన్నా ఇసకలో తీయాల్సిన ఆట సీను కాస్తా నీళ్ళు తగ్గేదాకా ఆగింది. వాన తేమకు తోలు మెత్తబడతాదని బొమ్మలాట వాళ్ళు బొమ్మలు మూట కట్టేసుకున్నారు. నవంబర్‌లో కొంచెం, మళ్ళీ డిసెంబర్‌లో ప్యాచ్ వర్క్ అని మిగిలిపోయిన ముక్కలు తీసినారు. ఈ లోపల చిన్నికి పైన ముందరి పన్ను ఒకటి ఊడింది. ఫోన్ చేసి చెబితే అవతల కాసేపు మాటే లేదు. ఒకాయన డెంటల్ డాక్టర్ దగ్గర పెట్టుడు పన్ను పెట్టిద్దామా అన్నాడు, వద్దన్నాం. ఆఖరికి ఒక పక్క నుంచే తీసినారు, నవ్వొద్దు అని చెప్పినారు, అది ఎప్పుడు నవ్వొద్దంటే అప్పుడే నవ్వుతాది. ఏడో ఎపిసోడ్‌లో జాగ్రత్తగా చూస్తే ఇంట్లో నుంచి బయటికి వచ్చేలోపల పన్ను పోతాది, నదికాడికి పోయేసరికి మళ్ళీ వచ్చేస్తాది. పెద్దోళ్ళు ఎవరూ కనుక్కోలా, స్కూల్లో పిల్లోళ్ళంతా కనుక్కున్నారు.

డబ్బింగ్ సంక్రాంతి సెలవుల్లో, 2025 జనవరిలో, హైదరాబాద్‌లో. వెంకటాద్రి రైల్లో స్లీపర్ టికెట్లు మేమే తీసుకోని పోయినాం, తర్వాత ఇచ్చినారు లెండి, రెండు నెలల తర్వాత. మన ఊర్లో తీసి మళ్ళీ హైదరాబాద్ పోయి మాట్లాడాలా అని మా అత్తకు అర్థమే కాలా. చల్లటి రూము, చెవులకు హెడ్‌ఫోన్, ముందు స్క్రీన్‌లో తన నోరు కదులుతాంటే దానికి సరిగ్గా మాట పడాల. చిన్నికి మొదట చాలా సరదా, అరగంటకు విసుగు. పన్ను లేని సందులోంచి "స" అన్నప్పుడల్లా ఈల వస్తాంది, సౌండ్ ఇంజినీర్ తల పట్టుకున్నాడు. పైగా షూటింగ్‌లో మన మాటల్లోనే మాట్లాడమన్నారు, అది నాకు బలే నచ్చింది, ఇక్కడేమో ఛానల్ వాళ్ళు చెప్పినారని సగం డైలాగులు మార్చినారు. మార్చినవే దానికి నోరు తిరగలా. కొన్ని చోట్ల వేరే అమ్మాయి గొంతు పెట్టినారని టీవీలో వచ్చినాకే తెలిసింది, మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది, చిన్ని ఆ రోజు టీవీ ముందర నుంచి లేచి పోయింది.

ఫిబ్రవరి అన్నారు, మార్చి అన్నారు, పరీక్షలప్పుడు పిల్లలు చూడరని ఆపినారంట, ఏప్రిల్ చివర్లో ఎండాకాలం సెలవులు ఇచ్చినాక ఆదివారం పొద్దున మొదలైంది. చుట్టాలందరికీ ఫోన్లు, పక్కింటోళ్ళు, నా కస్టమర్లు, ఇంటి నిండా జనం. మొదట ఒక కార్డు వేసినారు, ఈ కార్యక్రమంలో పాల్గొన్న పిల్లల విషయంలో అన్ని జాగ్రత్తలు తీసుకున్నాం, వాళ్ళను హింసించడం గానీ నిర్లక్ష్యం చేయడం గానీ జరగలేదు అని. అది కూడా రూలే, తప్పకుండా వెయ్యాల. అందరూ "ఇది ఎప్పుడు పోతాది, పాప ఎప్పుడొస్తాది" అంటాండారు, నేను మాత్రం ఆ నాలుగు లైన్లు మొత్తం చదివినా. ఫస్ట్ ఎపిసోడ్‌లో చిన్నికి ఉన్నవి మూడు మాటలు, రెండు కట్ అయిపోయినాయి. మా అత్త ఆ ఒక్క మాటకే ఈల వేసింది, నిజంగా వేసింది, అరవై ఏడేళ్ళ మనిషి.

స్కూళ్ళు తెరిచినాక కొంచెం ఇబ్బంది పడినాం. అందరూ సీరియల్‌లో పేరుతోనే పిలుస్తాండారని ఒక వారం తెగ మురిసింది, రెండో వారం ఏడ్చింది, మూడో వారం హోంవర్క్ చేయమంటే "నాకు షూటింగ్ ఉంటాది కదా" అని మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న ఒక చూపు చూస్తే సర్దుకుంది.

డబ్బుల సంగతి. షూటింగ్ అయినాక సగం, టెలికాస్ట్ అయినాక సగం అని అగ్రిమెంట్. మొదటి సగం జనవరికి వచ్చింది. రెండో సగం జూలై అయిపోతాన్నా రాలేదు, ఫోన్ ఎత్తరు, ఎత్తితే "ఛానల్ నుంచి పేమెంట్ రాలేదక్కా" అంటారు. నా పుస్తకంలో సంతకాలు పెట్టిన పేజీలన్నీ ఫోటో తీసి మా తమ్ముడు ఒక లెటర్ రాసి పంపినాడు, ఇరవై శాతం డిపాజిట్ రసీదు కూడా కావాలని అడిగినాడు. పది రోజుల్లో వచ్చేసినాయి. అంతా కలిపి ముప్పై వేలకు కొంచెం తక్కువ, అందులో ఆరు వేల లోపల పాప పేరు మీద డిపాజిట్.

పాన్ కార్డు కావాలన్నారు. ఇంత పిల్లకు పాన్ ఏంది అనుకున్నా, చిన్నపిల్లలకు కూడా ఇస్తారంట, దాని మీద ఫోటో ఉండదు, సంతకం ఉండదు. పిల్లలు సొంత టాలెంట్‌తో సంపాదించింది అమ్మానాన్నల ఆదాయంలో కలపరంట, వాళ్ళ లెక్క వాళ్ళదే. ఆమె పేరు మీద అకౌంట్ తెరవడానికి పుట్టిన సర్టిఫికెట్, నా ఆధార్, ఫోటోలు అడిగినారు, ఒక పూట పట్టింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మామూలుగా పదేళ్ళకు మించి వెయ్యరంట, చిన్నికి పద్దెనిమిది వచ్చేదానికి పదేళ్ళు లేవు కాబట్టి సరిపోయింది, ఇంకా చిన్న పిల్లలైతే మధ్యలో రెన్యూవల్ చేయించుకోవాల, గుర్తు పెట్టుకోండి. రసీదు ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి, ప్రొడక్షన్ వాళ్ళ దగ్గర కాదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేసినారు, రెండో భాగం తీస్తాండాం, వచ్చే మే నెలలో, చిన్ని ఉండాల్సిందే అని. కడపలో మే నెల. కొత్త పర్మిషన్ కాగితం ముందు నా చేతికి రావాల, షాట్లు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపలే, రోజుకు ₹2,500, పిల్లతో ఎవరు ఏం మాట్లాడినా నా ముందరే మాట్లాడాల అని చెప్పినా. చిన్ని పక్క నుంచి ఇంకోటి చెప్పమంది, ఈసారి హనుమంతుణ్ణి తానే ఆడించాలంట. అది కూడా చెప్పినా. కనుక్కోని చెప్తామన్నారు, ఇంకా ఫోన్ రాలా.